యూడీసీ నుంచి ఎల్‌డీసీకి దించారు, అదే బిల్లు మీద సంతకం చేసిన ఇద్దరికీ చిన్న శిక్షలే: అప్పీలులో ఏం రాయాలి?

కిందమెట్టు
నేను ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల పాటు నన్ను యూడీసీ (అప్పర్ డివిజన్ క్లర్కు) నుంచి ఎల్‌డీసీ (లోయర్ డివిజన్ క్లర్కు) స్థాయికి తగ్గిస్తూ జారీ అయిన ఉత్తర్వు 27 రోజుల క్రితం నా చేతికి అందింది. కార్యాలయానికి రావలసిన బీరువాలు, కుర్చీలు పూర్తిగా చేరకముందే అన్నీ చేరినట్టు ధ్రువీకరించి బిల్లు పైకి పంపానన్నది అభియోగం. ఆ బిల్లు మీద మూడు సంతకాలున్నాయి. సరుకు చేరిందని ధ్రువీకరించినది నేను, లెక్క సరిచూసినది అకౌంట్స్‌లోని సహోద్యోగి, చెల్లింపు మంజూరు చేసినది మా అధికారి. మార్చి 31లోగా బిల్లు పాస్ కాకపోతే నిధులు మురిగిపోతాయనీ, మిగిలిన సరుకు వారంలో వస్తుందని సరఫరాదారు మాట ఇచ్చాడనీ, కాబట్టి ఆ రోజే పంపమనీ అధికారి నాకు ఈమెయిల్ కూడా పంపారు. మిగిలిన సరుకు ఏప్రిల్ రెండో వారంలో వచ్చేసింది, ప్రభుత్వానికి ఒక్క రూపాయి కూడా నష్టం కలగలేదు.

ఇప్పుడు మా అధికారికి సెన్షూర్‌తో (రాతపూర్వక మందలింపుతో) సరిపోయింది. అకౌంట్స్ సహోద్యోగికి ఒక ఇంక్రిమెంటు ఏడాది నిలిపారు. నన్ను మాత్రం కింది పోస్టుకు దించారు. విచారణలో నేను అడిగిన పత్రాలు కూడా ఇవ్వలేదు. అప్పీలు చేసుకోవాలా, లేక నేరుగా క్యాట్‌కు (కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు) వెళ్లవచ్చా? అప్పీలే అయితే దేన్ని ముందు పెట్టాలి?

దస్త్రం65
ముందు గడువు సంగతి చూసుకోండి. కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల సంగతి చెప్పే సీసీఎస్ (సీసీఏ) నియమాలు, 1965లోని 25వ నియమం ప్రకారం ఉత్తర్వు ప్రతి అందిన రోజు నుంచి 45 రోజుల్లో అప్పీలు దాఖలు చేయాలి. మీకు ఇంకా 18 రోజులే మిగిలాయి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పిలేట్ అథారిటీకి (అప్పీలును తేల్చే పై అధికారికి) ఉంది గానీ, ఆ మన్ననను నమ్ముకుని నిద్రపోవడం మంచిది కాదు.

వకాల్తా
నేరుగా క్యాట్‌కు వెళ్లే ఆలోచన మానుకోండి. పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం, 1985లోని 20వ సెక్షన్ ప్రకారం శాఖలో ఉన్న ఉపశమన మార్గాలను ముందుగా వాడుకోకుండా దాఖలు చేసిన దరఖాస్తును ట్రైబ్యునల్ సాధారణంగా స్వీకరించదు. అప్పీలు ఇచ్చి ఆరు నెలలు గడిచినా తుది ఉత్తర్వు రాకపోతే మార్గాలన్నీ వాడుకున్నట్టే లెక్క. ఆ తర్వాత 21వ సెక్షన్ కింద ఏడాది సమయం ఉంటుంది. అప్పీలు మీద ఉత్తర్వు వస్తే ఆ తేదీ నుంచి ఏడాది.

చిల్లరమాట
మురిగిపోతాయన్న నిధులు మురిగిపోకుండా గట్టెక్కాయి, మురిగిపోయినది మన మిత్రుడి పోస్టు ఒక్కటే.

రెండేళ్ళవెనక
నా కేసులో నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. కోపంతో పదహారు పేజీల అప్పీలు రాశాను, అందులో తొమ్మిది పేజీలు మా పర్యవేక్షకుడి గుణగణాల వర్ణనే. అప్పీలులో అమర్యాదకరమైన, అనుచితమైన భాష ఉండరాదని 26వ నియమం చెబుతుందని నాకు అప్పుడు తెలియదు. అప్పిలేట్ అథారిటీ ఇచ్చిన రెండు పేజీల జవాబులో ఒక పేరా నా భాష మీదే నడిచింది, నేను ఎత్తిచూపిన లోపాల్లో సగానికి సమాధానమే లేదు.

ఆకుపచ్చసిరా
క్రమశిక్షణాధికారిగా కొన్నేళ్లు ఇటువంటి ఉత్తర్వుల మీద సంతకాలు చేసినవాడిగా, ఇక్కడ ఎవరికీ రుచించని మాట ఒకటి చెబుతాను. సరుకు చేరిందని ధ్రువీకరించడమంటే కంటితో చూశానని రాసి ఇవ్వడమే. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, పైవారు పంపమన్నారని చూడని బీరువాలను చూసినట్టు రాసిన మాట మీ కేసులో నిజం. మంజూరు చేసిన అధికారి మీ ధ్రువీకరణను నమ్మానంటారు, అకౌంట్స్ ఉద్యోగి కూడా అదే అంటారు, వారిద్దరి సంతకాలకూ మీ సంతకమే ఆధారం. కాబట్టి అందరికీ ఒకే శిక్ష పడాలన్న వాదాన్ని అప్పీలుకు మొదటి కారణంగా పెడితే మొదటి పేరాలోనే ఓడిపోతారు.

పాతఫైలు
ఆకుపచ్చసిరా గారు చెప్పినదానిలో సగంతో ఏకీభవిస్తాను. సర్వీసులో ఉండగా విచారణాధికారిగా పనిచేశాను, రిటైరయ్యాక కొందరికి డిఫెన్స్ అసిస్టెంట్‌గా (విచారణలో ఉద్యోగి తరఫున వాదించే సహాయకుడిగా) ఉన్నాను, కాబట్టి బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవం ఉంది. ఈయన ధ్రువీకరణను నమ్మి సంతకం చేశానని ఆ అధికారి చెప్పుకోవడానికి అడ్డుగా ఈమెయిల్ ఒకటి నిలిచి ఉంది. సరుకు ఇంకా రాలేదని ఆయనకు తెలుసునని ఆ ఈమెయిలే రుజువు చేస్తుంది. పై అధికారి ఆదేశం సాధారణంగా లిఖితపూర్వకంగా ఉండాలని 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో మూడో నియమం చెబుతుంది, ఇక్కడ అది లిఖితపూర్వకంగానే ఉంది. ఆదేశించినవారికి సెన్షూర్, పాటించినవారికి పోస్టు తగ్గింపు అంటే ఎవరికైనా అడగాలనిపించే ప్రశ్న అది. ఒకే ఘటనలో సమానమైన లేదా తక్కువ పాత్ర ఉన్న ఉద్యోగికి ఎక్కువ శిక్ష వేయడం సరికాదని 2013లో రాజేంద్ర యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

అయితే ఆ వాదం నిలబడాలంటే ఈమెయిల్ విచారణ రికార్డులో ఉండాలి. కిందమెట్టు గారూ, మీరు అడిగినా ఇవ్వలేదన్న పత్రాలు ఏవి? నిరాకరించినప్పుడు విచారణాధికారి కారణం రాశారా?

కిందమెట్టు
రెండు పత్రాలు అడిగాను. ఒకటి స్టాక్ రిజిస్టరు, రెండోది ఆ ఈమెయిల్ ప్రతి. మా కార్యాలయ ఈమెయిల్ ఖాతాలో పాతవి ఉండవు, నా దగ్గర అచ్చు ప్రతి లేదు. డైలీ ఆర్డర్ షీట్‌లో (విచారణలో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితంలో) ‘అభియోగానికి సంబంధం లేదు’ అని మూడు మాటలు మాత్రమే రాసి ఉన్నాయి. ఇంకొక విషయం. ఏప్రిల్ మొదటి వారంలో సరుకు లెక్కించి లోటు ఉందని రాసిన ఉద్యోగిని సాక్షిగా పిలవనే లేదు. ప్రాథమిక విచారణలో ఆయన ఇచ్చిన వాంగ్మూలాన్నే రుజువుగా తీసుకున్నారు.

పాతఫైలు
ఆ మూడు మాటలే మీకు దొరికిన కొసదారం. అభ్యర్థించిన పత్రాలను తెప్పించడానికి నిరాకరించే అధికారం విచారణాధికారికి 14(12) నియమం కింద ఉన్న మాట నిజమే, కాని అది సంబంధం లేదని తాను భావించిన పత్రాల విషయంలోనే, అదీ కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేసిన తర్వాతే. ‘సంబంధం లేదు’ అన్నది ఆయన తేల్చిన ముగింపు మాత్రమే, ఆ ముగింపుకు ఎలా వచ్చారో ఎక్కడా లేదు. చూడకుండా ధ్రువీకరించారన్న అభియోగంలో, ధ్రువీకరించమని చెప్పిన ఈమెయిల్‌కు సంబంధం ఎలా లేకుండా పోతుందో వారినే చెప్పమనండి.

సాక్షి విషయం ఇంకా బలమైనది. ప్రాథమిక విచారణ అనేది అభియోగం పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి శాఖ తనకోసం చేసుకునే పని. అక్కడ ఇచ్చిన వాంగ్మూలం అసలు విచారణలో సాక్ష్యంగా మారాలంటే ఆ మనిషి వచ్చి చెప్పాలి, మీకు ఆయన్ను ఎదురు ప్రశ్నించే అవకాశం రావాలి. కాగితాన్ని దాఖలు చేసినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్టు కాదని రూప్ సింగ్ నేగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణాధికారి శాఖ ప్రతినిధి కాదని, ఉద్యోగి హాజరు కాకపోయినా సరే శాఖ చూపే సాక్ష్యం అభియోగాన్ని రుజువు చేయడానికి సరిపోతుందా అని పరిశీలించవలసిన బాధ్యత ఆయనదేనని 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసులో మళ్లీ చెప్పింది.

ఆకుపచ్చసిరా
సాక్షి విషయంలో నేను మీతో వాదించను. కాని ఆ లోటును కిందమెట్టు గారు తన రాతపూర్వక జవాబులో ఎక్కడైనా ఒప్పుకుని ఉంటే సాక్షి అవసరమే లేకుండా పోతుంది. విచారణ నివేదిక ప్రతి ఇచ్చినప్పుడు ఈయన ఏం రాశారో అడగండి.

కిందమెట్టు
అడగకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. నివేదిక ప్రతి ఇచ్చి 15 రోజుల్లో జవాబు ఇవ్వమన్నారు. పెద్దగా ఏమీ రాయవద్దు, సెన్షూర్‌తో సరిపెట్టిస్తానని మా అధికారి చెప్పారు. నేను రెండు వాక్యాలు రాశాను: ‘జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను. నా పూర్వపు సేవలను దృష్టిలో ఉంచుకుని సానుభూతితో పరిశీలించగలరు.’

చిల్లరమాట
సెన్షూర్‌తో సరిపెట్టించారు కదండీ, మాట తప్పలేదు. ఎవరికన్నది మాత్రం చెప్పలేదు.

మూడోసంతకం
నవ్వకండి, ఈ ఉచ్చులో నేనూ పడ్డాను. నేను అకౌంట్స్ మనిషిని, అంటే ఇలాంటి కథల్లో మధ్య సంతకం నాది. ‘చింతిస్తున్నాను’ అన్న ఒక్క మాటను అంగీకారంగా చదివి ఇంక్రిమెంటు నిలిపారు. ఒక సందేహం. నివేదిక ప్రతి ముందే ఇచ్చారు కాబట్టి ఆ అవకాశం వాడుకోకపోవడం ఉద్యోగి తప్పే అవుతుంది కదా, ఇప్పుడు అప్పీలులో కొత్తగా లేవనెత్తవచ్చా?

వకాల్తా
లేవనెత్తవచ్చు. శిక్షకు ముందు నివేదిక ప్రతి ఇవ్వడం తప్పనిసరి అన్నది 1993 నాటి ఈసీఐఎల్ కేసు (హైదరాబాద్ సంస్థ కాబట్టి మనవాళ్లకు బాగా గుర్తుండే తీర్పు) తేల్చిన సంగతి. ప్రతి ఇవ్వలేదన్న ఫిర్యాదు మాత్రమే ఈయనకు లేకుండా పోయింది. విచారణలోని లోపాలను ఆ రెండు వాక్యాలు మాపవు. 27(2) నియమం కింద అప్పిలేట్ అథారిటీ మూడు విషయాలను తానుగా పరిశీలించి తీరాలి. నియమాల్లోని విధానాన్ని పాటించారా, పాటించకపోతే దానివల్ల రాజ్యాంగ ఉల్లంఘన గాని అన్యాయం గాని జరిగిందా అన్నది మొదటిది. రికార్డులోని సాక్ష్యం నిర్ధారణలను బలపరుస్తోందా అన్నది రెండోది. శిక్ష తగినదా, చాలనిదా, కఠినమైనదా అన్నది మూడోది. మీ అప్పీలును ఈ మూడు ప్రశ్నల క్రమంలోనే రాస్తే, జవాబు కూడా ఆ క్రమంలో ఇవ్వక తప్పని పరిస్థితి వారికి వస్తుంది.

‘చింతిస్తున్నాను’ అన్న మాట గురించి మౌనం వహించవద్దు. జరిగిన పరిస్థితికి విచారం తెలపడం వేరు, అభియోగాన్ని ఒప్పుకోవడం వేరు అని ఒక పేరాలో స్పష్టంగా రాయండి. ఆ సలహా ఎవరిచ్చారో రాయాలా వద్దా అన్నది మీ విజ్ఞత. రుజువు లేదు కాబట్టి నేనైతే రాయను.

శ్రావణమేఘం
నా కేసు కాస్త వేరు, అయినా చెబుతాను. విచారణాధికారి నా మీద అభియోగం రుజువు కాలేదని రాశారు. క్రమశిక్షణాధికారి ఒక్క ముక్క కూడా నాకు తెలియజేయకుండా విభేదించి రెండేళ్లు కింది పోస్టుకు దించారు. విభేదించేటప్పుడు తాత్కాలిక కారణాలు రాసి ఉద్యోగి జవాబు తీసుకోవాలని 1998లో కుంజ్ బిహారీ మిశ్రా కేసులో చెప్పారు, ఇప్పుడు 15(2) నియమంలోనూ ఆ మాట ఉంది. నా అప్పీలు ఒకటిన్నర పేజీ. ఆ ఒక్క లోపం తప్ప మరేమీ రాయలేదు. ఉత్తర్వును రద్దు చేసి, ఆ దశ నుంచి మళ్లీ మొదలుపెట్టమన్నారు. మళ్లీ మొదలుపెట్టారు కూడా. ఈసారి కారణాలు పంపారు, జవాబు తీసుకున్నారు, చివరికి సెన్షూర్‌తో ముగించారు. గెలిచానో లేదో ఇప్పటికీ తెలియదు గానీ జీతం మాత్రం తిరిగి వచ్చింది.

రెండేళ్ళవెనక
ఇంకొక లోపం కూడా చూసుకోండి. ఉద్యోగి తన తరఫున తాను సాక్ష్యం చెప్పకపోతే, రికార్డులో అతనికి వ్యతిరేకంగా కనిపించే విషయాల మీద విచారణాధికారి అతన్ని తప్పనిసరిగా ప్రశ్నించాలని 14(18)లో ఉంది. నన్ను అలా ప్రశ్నించలేదు.

పాతఫైలు
ఆ లోపం ఒక్కటే చాలదు. 1980లో సునీల్ కుమార్ బెనర్జీ కేసులో, అలా ప్రశ్నించకపోవడం వల్ల ఉద్యోగికి నష్టం జరిగిందని చూపనిదే విచారణ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు అంది. ఇది అన్ని లోపాలకూ వర్తించే మాట అనుకోండి. ‘ఫలానా నియమం పాటించలేదు’ అని రాసి ఊరుకుంటే అప్పిలేట్ అథారిటీ ‘అయితే ఏమిటి’ అంటుంది. ‘ఫలానాది ఇవ్వకపోవడం వల్ల నేను ఫలానా ప్రశ్న అడగలేకపోయాను, ఆ ప్రశ్నకు జవాబు వచ్చి ఉంటే ఫలానా నిర్ధారణ నిలబడేది కాదు’ అని రాయాలి. కిందమెట్టు గారి కేసులో ఈమెయిల్ దొరికి ఉంటే, చెడు ఉద్దేశంతో ధ్రువీకరించారన్న భాగం పడిపోయేది. ఇంతకీ అభియోగంలో ‘నిజాయితీ లోపించింది’ అన్న మాట ఉందా, ‘విధి నిర్వహణలో శ్రద్ధ లోపించింది’ అన్న మాట ఉందా?

కిందమెట్టు
రెండూ ఉన్నాయి. విచారణాధికారి రెండోది మాత్రమే రుజువైందన్నారు, మొదటిదాన్ని పాక్షికంగా రుజువైందన్నారు. పాక్షికంగా అంటే ఏమిటో నివేదికలో ఎక్కడా లేదు.

ఆకుపచ్చసిరా
నిజాయితీ పాక్షికంగా లోపించడమన్నది నేను ఇన్నేళ్ల సర్వీసులో వినలేదు. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ మాట మీద ఒక పేరా ఖర్చు పెట్టండి, వృథా పోదు. అది నిలబడకపోతే మిగిలేది శ్రద్ధ లోపం మాత్రమే, నష్టం జరగని శ్రద్ధ లోపానికి మూడేళ్ల పోస్టు తగ్గింపు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను. మిగతా ఇద్దరి శిక్షల ప్రస్తావన ఇక్కడికి వస్తే బాగుంటుంది. మొదటి పేజీలో వస్తే, మొగుడు కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు ఉంటుంది.

మూడోసంతకం
ఆ ఇద్దరి ఉత్తర్వుల ప్రతులు సమాచార హక్కు కింద తెచ్చుకుని జతచేస్తే సరిపోదా?

వకాల్తా
ఇవ్వకపోవచ్చు. ఉద్యోగికి ఇచ్చిన మెమోలు, శిక్ష ఉత్తర్వులు వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజాప్రయోజనం చూపనిదే బయటపెట్టనక్కరలేదని 2012లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు అంది, అధికారులు దాన్నే చూపిస్తారు. మీ సొంత కేసు నోట్‌షీట్లు మాత్రం తప్పక అడగండి. మిగతా ఇద్దరి విషయంలో, ఆ ఫైళ్లను తెప్పించుకుని పోల్చి చూడవలసిందిగా అప్పిలేట్ అథారిటీనే కోరండి. రేపు క్యాట్‌కు వెళ్తే, కోరినా చూడలేదన్న మాట మీకు పనికొస్తుంది, ట్రైబ్యునల్ ఆ రికార్డును తెప్పించుకోగలదు. ముగ్గురి మీద 18వ నియమం కింద ఉమ్మడి విచారణ జరిపి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

రాష్ట్రోద్యోగి
ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ వర్తిస్తాయా? నాదీ ఇలాంటి కేసే.

దస్త్రం65
నియమాలు వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకు మూలం 1991 నాటి సీసీఏ నియమాలు. మీరు గడువును, నియమాల సంఖ్యలను వాటిలోనే చూసుకోండి, ఇక్కడివి అరువు తెచ్చుకోవద్దు. విచారణ జరిపి, అభియోగాలు తెలిపి, చెప్పుకునే అవకాశం ఇవ్వనిదే హోదా తగ్గించరాదన్న 311(2) అధికరణం మాత్రం అందరికీ ఒక్కటే. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ లేదు కాబట్టి శాఖలో అప్పీలు తర్వాత మీ దారి హైకోర్టుకే.

శ్రావణమేఘం
ఇంతమంది ఇన్ని రాశారు గానీ ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. కిందమెట్టు గారూ, మీరు ఎల్‌డీసీగా చేరి పదోన్నతి మీద యూడీసీ అయ్యారా, లేక పరీక్ష రాసి నేరుగా యూడీసీగానే చేరారా?

కిందమెట్టు
నేరుగా యూడీసీగానే చేరాను. నియామక ఉత్తర్వు కూడా ఉంది. ఎందుకు అడిగారు?

పాతఫైలు
అయ్యో రామా. అందరం పదోన్నతి అనుకుని మాట్లాడుతున్నాం. పదకొండేళ్ల సర్వీసు అనగానే నేనూ అలాగే ఊహించుకున్నాను, విచారణాధికారిగా పనిచేసినవాడు ఊహించుకోకూడదని ఇతరులకు చెప్పేవాణ్ణి.

1988లో న్యాదర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా, కింది పోస్టుకు దించే శిక్షను చెప్పే ఈ 11(vi) నియమాన్నే పరిశీలించింది. ఒక పోస్టులోకి నేరుగా నియమితుడైన ఉద్యోగిని, తానెన్నడూ నిర్వహించని అంతకంటే కింది పోస్టుకు శిక్షగా దించడానికి వీల్లేదని తేల్చింది. పదోన్నతి మీద వచ్చినవారిని వెనక్కి పంపవచ్చు, ఎందుకంటే వారికి వెనక్కి వెళ్లడానికి ఒక మెట్టు ఉంది. మీకు కింద మెట్టే లేదు, మీ పేరు మాత్రం కిందమెట్టు.

చిల్లరమాట
నేను అనవలసిన మాటను పెద్దాయన అనేశారు. ఇక ఈ చర్చలో నాకు పని లేదు.

మూడోసంతకం
అయితే ఇదొక్కటే రాసి పంపితే చాలు కదా, శ్రావణమేఘం గారిలా ఒకటిన్నర పేజీలో ముగించవచ్చు.

వకాల్తా
చాలదు. ఇక్కడే జాగ్రత్త అవసరం. ఈ కారణం శిక్ష రూపాన్ని కొట్టేస్తుంది గానీ అభియోగం రుజువైందన్న నిర్ధారణను ముట్టుకోదు. ఇదొక్కటే రాస్తే, అప్పిలేట్ అథారిటీ తప్పు సరిదిద్దుతున్నట్టుగా పోస్టు తగ్గింపును తీసేసి, అదే 11వ నియమం కింద అదే వేతన స్కేలులో కొన్ని దశలు దించవచ్చు, లేదా ఫైలును వెనక్కి పంపి మరో శిక్ష వేయమనవచ్చు. నిజాయితీ లోపించిందన్న మాట మీ సర్వీసు రికార్డులో అలాగే ఉండిపోతుంది, రేపు పదోన్నతి వేళ అది బయటికి వస్తుంది. కాబట్టి ఇది ఒక కారణంగా ఉండాలి, ఏకైక కారణంగా ఉండకూడదు.

శ్రావణమేఘం
ఒప్పుకుంటాను. నా కేసులో విచారణాధికారి నా వైపే ఉన్నారు కాబట్టి ఒక్క లోపంతో సరిపోయింది. ఈయనకు నిర్ధారణే వ్యతిరేకంగా ఉంది.

పాతఫైలు
నేను మాత్రం దాన్ని మొదటి కారణంగానే పెట్టమంటాను. అప్పీళ్లు చదివేవారి బల్ల మీద ఇలాంటివి దొంతరగా ఉంటాయి. మొదటి పేజీలోనే, ఈ ఉత్తర్వు చట్టం ముందు నిలబడదని తేటతెల్లంగా కనిపిస్తే తర్వాతి పేజీలను కాస్త మెలకువతో చదువుతారు. ఆ తర్వాత సాక్షి, ఆపైన పత్రాలు, ఆపైన ‘పాక్షికంగా’ అన్న మాట, చివర శిక్ష తీవ్రత, అందులో భాగంగా మిగతా ఇద్దరి సంగతి.

వకాల్తా
నేను నిర్ధారణ మీది అభ్యంతరాలను ముందు పెట్టి, దీన్ని శిక్ష భాగంలో పెడతాను, 27(2) క్రమం అదే కాబట్టి. అయితే అప్పీలు మొదట్లో సారాంశంగా నాలుగు వాక్యాలు రాసి, అందులో దీన్ని మొదటి వాక్యం చేస్తే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

కిందమెట్టు
ఇంకొక భయం. అప్పీలు చేస్తే శిక్షను పెంచే అధికారం కూడా వారికి ఉందని మా కార్యాలయంలో అంటున్నారు. దించిన చోట ఊరికే ఉండు, కెలికితే ఉద్యోగమే పోతుందని ఒకరు హితవు చెప్పారు.

ఆకుపచ్చసిరా
ఆ అధికారం ఉన్న మాట నిజం, కాని మీకు నోటీసు ఇచ్చి, మీ వాదన విన్న తర్వాతే పెంచగలరు. నష్టం లేని, ఒకే ఒక్క బిల్లు విషయంలో, ఇన్ని లోపాలున్న విచారణ మీద శిక్ష పెంచే ధైర్యం నేనైతే చేయను. హితవు చెప్పినది ఎవరో గానీ, ఆ ఈమెయిల్ మళ్లీ వెలుగులోకి రాకూడదని కోరుకునేవారు కాదు కదా అని ఒకసారి ఆలోచించండి.

ఇంకొక మాట. వ్యక్తిగత విచారణ కోరుతున్నానని చివరలో స్పష్టంగా రాయండి. అప్పిలేట్ అథారిటీ కారణాలు చూపుతూ ఉత్తర్వు ఇవ్వాలని, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1986లో రైల్వే ఉద్యోగి రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘అప్పీలును జాగ్రత్తగా పరిశీలించడమైనది, జోక్యానికి కారణాలు కనబడలేదు’ అని ఒక్క వాక్యంలో కొట్టేసే అలవాటు మాలో కొందరికి ఉంది, ఆ వాక్యాన్ని నేనూ ఒకప్పుడు వాడాను.

దస్త్రం65
దాఖలు చేసే పద్ధతి: అప్పీలు మీ పేరు మీదే, అప్పిలేట్ అథారిటీని సంబోధిస్తూ ఉండాలి. దాన్ని ఆ అథారిటీకే సమర్పించి, శిక్ష వేసిన అధికారికి ఒక ప్రతి పంపాలి. ఆయన తన వ్యాఖ్యలతో, రికార్డుతో సహా అనవసర జాప్యం లేకుండా పైకి పంపాలి. సంఘం పేరు మీద పంపవద్దు, నలుగురు కలిసి సంతకాలు చేయవద్దు. ఆధారపడే పత్రాలన్నీ అప్పీలుతోనే జతచేయండి, తర్వాత పంపుతానని రాయవద్దు.

కిందమెట్టు
41వ రోజున దాఖలు చేశాను. ఏడు పేజీలు వచ్చింది. వకాల్తా గారు చెప్పినట్టు ముందు నాలుగు వాక్యాల సారాంశం, అందులో మొదటిది నేరు నియామకం సంగతి, దానికి నియామక ఉత్తర్వు జత. సాక్షిని పిలవకపోవడం, పత్రాల నిరాకరణ ఒక్కొక్కటి ఒక పేజీ. ‘పాక్షికంగా’ మీద పేరా రాస్తుంటే ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు నేనే బలంగా ఉన్నట్టు అనిపించింది. మిగతా ఇద్దరి శిక్షలు ఆరో పేజీలో, ఎవరి మీదా నింద లేకుండా, ఫైళ్లు తెప్పించుకుని చూడమన్న కోరికతో. చూడకుండా ధ్రువీకరించిన మాటను దాచలేదు, ఆ రోజు ఏ పరిస్థితిలో రాశానో చెప్పి, అది శ్రద్ధ లోపమేనని ఒప్పుకున్నాను. అలా ఒప్పుకోవాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను.

ఆకుపచ్చసిరా
ఒప్పుకోవడమే మంచిదైంది. చదివే మనిషికి మిగతా ఆరు పేజీల మీద నమ్మకం కలిగేది దానివల్లనే.

వకాల్తా
అప్పీలు అందినట్టు ముద్ర వేయించుకున్నారా? ఆరు నెలల లెక్కకు అదే ఆధారం.

కిందమెట్టు
వేయించుకున్నాను. మొదట వేసిన ముద్రలో తేదీ నిన్నటిది పడింది, తపాలా గుమస్తా పరవాలేదు, ఒక్క రోజే కదా అన్నాడు. నేను చూడనిదాన్ని చూసినట్టు ఇకపై ఒప్పుకోనని చెప్పి, ఆ తేదీ కొట్టించి, పక్కన ఆయన సంతకంతో సరైన తేదీ వేయించుకున్నాను.